ముక్కు లేని డాల్ఫిన్ మన ఊరిదే వదినగారూ

వదినగారూ, ఆ దుప్పట్లు ఆరేశాక ఒక్కసారి గోడ దగ్గరికి రండి. పొద్దున్న పాలప్యాకెట్ల దగ్గర అన్నయ్యగారు చెప్పారు, పూరీకి టిక్కెట్లు దొరికాయటగా! ఎప్పుడూ, డిసెంబరు 26నా? మామ్మగారు కూడా వస్తున్నారా? చాలా మంచిపని. జగన్నాథుణ్ణి చూడాలని ఆవిడ నాతో ఎన్నిసార్లు అన్నారో. కోణార్క కూడా వెళ్తారు కదూ. మరి చిల్కా? ఉందా! డాల్ఫిన్లు చూపిస్తానని ట్రావెల్స్ అబ్బాయి చెప్పాడా? అయితే ఆ బకెట్టు కింద పెట్టేయండి. ఇది రెండు ముక్కల్లో తేలేది కాదు.

మా నాన్నగారు రైల్వేలో చేసేవారని చెప్పాను కదా. ఖుర్దా రోడ్ డివిజనులో ఉన్నప్పుడు మూడేళ్ళు బాలుగావ్‌లో కాపురం. క్వార్టర్సు నుంచి కాస్త నడిస్తే చిల్కా ఒడ్డు. సాయంత్రమయ్యేసరికి రేవులో రొయ్యల బుట్టలు, పీతల బుట్టలు, వాటి మీద దంచిన ఐసు, ఆ వాసన. అవన్నీ రైలెక్కి కలకత్తా వెళ్ళేవి. అంత దగ్గరున్నా అప్పట్లో నేను ఒక్క డాల్ఫిన్ని కూడా చూడలేదండీ. అవి ఎక్కువగా ఉండేది ఆ పక్కన కాదు. సరస్సుకు తూర్పున, సముద్రంలో కలిసే మొగకు దగ్గర్లో సాతపడా అని ఊరుంది, అక్కడ. ఇప్పటికీ చాలామంది బాలుగావ్‌లో దిగి డాల్ఫిన్లేవని అడుగుతారు. మీరెటూ పూరీ నుంచే వెళ్తారు కాబట్టి ఆ ఇబ్బంది లేదు. పూరీ నుంచి సాతపడా యాభై కిలోమీటర్లు. దారిలో బ్రహ్మగిరి వస్తుంది, మామ్మగారికి ముందే చెప్పి ఉంచండి, అక్కడ అలర్‌నాథుడి గుడి ఉంది. స్నానపూర్ణిమ తరవాత జగన్నాథుడు జ్వరమని పదిహేను రోజులు దర్శనమివ్వడు చూడండి, ఆ రోజుల్లో భక్తులంతా ఈ అలర్‌నాథుడి దగ్గరికే వెళ్తారు. అక్కడి పాయసం ప్రసాదం దొరికితే వదలకండి.

రైల్లో వెళ్ళేటప్పుడు పగటి బండేనా? అయితే కుడిచేతి వైపు కిటికీ పట్టుకోండి. ఇచ్ఛాపురం, బరంపురం, ఛత్రపురం దాటి రంభ స్టేషను వచ్చిందంటే ఇక లేవకూడదు. ఎడమ పక్క కొండలు, కుడి పక్క అంతా నీళ్ళే. అవతలి ఒడ్డు కనపడదు. నీళ్ళలో వెదురుకర్రలు పాతి కట్టిన వలలు, వాటి మీద ఒక్కో కొంగ. వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటి పరుచుకుంటుంది ఆ సరస్సు, ఎండాకాలానికి 900 దాకా లోపలికి తగ్గుతుంది. అటు నుంచి దయా నది, భార్గవి నది మంచినీళ్ళు తెచ్చి పోస్తాయి, ఇటు నుంచి సముద్రం ఉప్పునీళ్ళు తోస్తుంది. మన పులికాట్ కూడా ఇలాంటిదే, చిల్కా దానికి అక్క అనుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. మీ చిన్నోడు ఏమనుకుంటున్నాడు డాల్ఫిన్ అంటే? టీవీలో చూసిందే కదా! గాల్లోకి ఎగిరి, గుండ్రంగా తిరిగి, ముక్కు మీద బంతి పెట్టుకునేది. వాడికి ముందే చెప్పేయండి వదినగారూ, చిల్కాలో ఉన్నది అది కాదు. దీనికి ఆ పొడుగు ముక్కే ఉండదు. తల కొబ్బరిబొండాంలా నున్నగా, గుండ్రంగా ఉంటుంది. వీపు మీద రెక్క చాలా చిన్నది. రంగు తడిసిన పలక. ఎగరడం బహు తక్కువ. నీళ్ళలోంచి ముందు నున్నటి తల, తరవాత వీపు, ఆ చిన్న రెక్క, మళ్ళీ నీళ్ళు. అంతే. ఒక్క క్షణం. ‘ఇంతేనా’ అని వాడు మొహం మాడ్చుకుంటే అది వాడి తప్పు కాదు, మనం చెప్పకపోవడం.

ఐరావతి డాల్ఫిన్ అంటారు దాన్ని. బర్మాలో ఐరావతి నది ఉంది కదా, ఆ పేరు. కానీ వదినగారూ, అటు చూడండి, మీ డాబా మీద నుంచి యారాడ కొండ కనిపిస్తోందా? ఆ డాల్ఫిన్ నోసు? ఈ డాల్ఫిన్‌కీ ఆ కొండ కిందున్న మన రేవుకీ ఉన్న చుట్టరికం నాకు తెలిసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

వాల్టర్ ఇలియట్ అని ఒక దొర ఉండేవాడు. మన ఉత్తర సర్కారులకు కమిషనరు. అమరావతి స్తూపం దగ్గర 1845లో తవ్వించి, ఆ సున్నపురాతి శిల్పాలు మద్రాసు పంపించాడే, తరవాత అవి లండన్ చేరాయి, ఆ ఇలియట్టే. ఆయనకు శాసనాల పిచ్చి, నాణేల పిచ్చి, వాటితోపాటు చేపలు, పక్షులు, జంతువుల పిచ్చి. 1852లో మన విశాఖపట్నం రేవులో ఈ ముక్కులేని జీవి ఒకటి ఆయనకు దొరికింది. దాన్ని ఇంగ్లండు పంపించాడు. అక్కడ రిచర్డ్ ఓవెన్ అనే పెద్ద శాస్త్రవేత్త పరీక్షించి, ఇది ఇంతవరకూ ఎవరూ రాయని కొత్త జాతి అని 1866లో అచ్చువేశాడు. ప్రపంచంలో ఈ జాతికి మొట్టమొదట శాస్త్రం పేరు పడింది మన రేవులో దొరికిన దానివల్లే. ఆ తరవాత ఇంకొకాయన ఐరావతి నదిలో ఇలాంటివే చూసి ఇది వేరే జాతి అనుకున్నాడు. రెండూ ఒకటేనని తేలింది గానీ, జనం నోట్లో ఆ నది పేరే నిలిచిపోయింది.

ఆలోచించండి. 1852 నాటికి ఇప్పుడు మనం చూసే ఓడరేవు లేదు, అది 1933లో వచ్చింది. అప్పటికి ఆ కొండ కింద గెడ్డనీళ్ళు, ఉప్పుటేరు, బురదనేలలు, సముద్రంలో కలిసే మొగ. అచ్చం చిల్కాలాంటి చోటే. మంచినీళ్ళూ ఉప్పునీళ్ళూ కలిసే లోతులేని బురదనీళ్ళంటే దానికి ప్రాణం. మరి మన ఊరి రేవు నుంచి శాస్త్రంలోకెక్కిన జీవిని చూడాలంటే ఇవాళ మనం రైలెక్కి ఒడిశా వెళ్తున్నాం. కొండ పేరేమో డాల్ఫిన్ ముక్కు. ఆ కొండ కింద దొరికిన డాల్ఫిన్‌కేమో ముక్కు లేదు. నాకెందుకో ఆ మాట తలుచుకుంటే గుండె కలుక్కుమంటుందండీ.

లేదు లేదు, మన సముద్రంలో డాల్ఫిన్లు లేవని కాదు. బయట లోతు నీళ్ళలో మూతి పొడుగున్నవి, ఎగిరేవి ఉన్నాయి, వేటకెళ్ళే వాళ్ళు చూస్తూనే ఉంటారు. నేనంటున్నది ఈ గుండ్రటి తలది.

నేను సాతపడా రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి మా పెద్దది పదో తరగతి పరీక్షలు రాశాక, మే నెలలో. మా ఆయనకు సెలవు అప్పుడే దొరికింది. పూరీలో పొద్దున్న దర్శనం, భోజనం, సాతపడా చేరేసరికి రెండు. దక్షిణపు గాలి మొదలైంది. చిల్కా లోతు ఎంతనుకుంటున్నారు? చాలా చోట్ల మనిషి లోతు కూడా ఉండదు. అంత వెడల్పు నీళ్ళు, అంత తక్కువ లోతు, గాలి తగిలిందంటే నీళ్ళన్నీ లేచి కూర్చుంటాయి. ప్రతి అలా మాకు డాల్ఫిన్ వీపులాగే కనిపించింది. దాని మీద సెలవుల రద్దీ. ఒక పడవలోంచి ఎవరో ‘అదిగో’ అని కేక వేస్తే అయిదారు పడవలు ఒక్కసారిగా అటు తిరిగేవి. ఇంజన్లు గొంతు చించుకుని అరిచేవి. మేం వెళ్ళేసరికి నీళ్ళ మీద నురగ, డీజిల్ తెట్టు. మళ్ళీ ఇంకో పక్క కేక, మళ్ళీ పరుగు. చివరికి ఒక్కటి, ఒక్కసారి, రెండు పడవల మధ్య పైకి వచ్చి గబుక్కున మునిగింది. దాని ఊపిరి పూర్తయిందో లేదో కూడా నాకు తెలీదు. పడవ నిండా చప్పట్లు. నేనూ కొట్టాను వదినగారూ. ఆ రాత్రి లాడ్జిలో పడుకున్నాక గుర్తొచ్చింది, అది మన కోసం వచ్చింది కాదు, ఊపిరి కోసం వచ్చింది. మనం దాన్ని ఊపిరి తీసుకోనివ్వలేదు.

అది చేప కాదు కదా. మనలాగే గాలి పీల్చాలి, పిల్లకు పాలివ్వాలి. ఒకటి రెండు నిమిషాలకోసారి పైకి రాక తప్పదు. ఆ బురదనీళ్ళలో కళ్ళతో పనేం జరుగుతుంది? శబ్దం పంపించి, అది తగిలి వెనక్కొస్తే చేప ఎక్కడుందో, వల ఎక్కడుందో, తన పిల్ల ఎక్కడుందో తెలుసుకుంటుంది. మరి దాని నెత్తి మీద ఆరు ఇంజన్లు మోగుతుంటే? మనింట్లో కరెంటు పోయిన రాత్రి గుడ్డివెలుగులో తడుముకుంటుంటే, ఎవరో కళ్ళలో టార్చి కొట్టినట్టు ఉంటుందేమో.

రెండోసారి జనవరిలో వెళ్ళాను, సంక్రాంతి వెళ్ళిన వారంలో, మంగళవారం. మా చిన్నాడపడుచుతో. పొద్దున్న ఏడున్నరకే రేవులో ఉన్నాం. మంచు. ఎదురుగా కట్టేసిన పడవ ముక్కు కూడా సరిగా కనపడలేదు. మంచు విడిచేదాకా పడవ తియ్యం అన్నారు, మంచిదే, టీ తాగుతూ కూర్చున్నాం. మేం మాట్లాడుకోవడం విని ఒక ముసలాయన ‘ఏ వూరమ్మా?’ అన్నాడు. తెలుగే! వాళ్ళ తాతల కాలంలో మన శ్రీకాకుళం తీరం నుంచి వెళ్ళి స్థిరపడ్డవాళ్ళట. నోలియాలంటారు వాళ్ళను అక్కడ. పూరీ సముద్రం ఒడ్డున పెంటకటా అని పేట ఉంది చూడండి, అదంతా తెలుగు జాలర్లదే. మీరు ఒడ్డున నిలబడి ఊరికే వినండి, మన మాటలే వినిపిస్తాయి, మధ్యమధ్య ఒడియా కలిసి.

ఆయన పడవే మాట్లాడుకున్నాం. ఎక్కగానే చెప్పాను: తాతా, డాల్ఫిన్ వెనకాల పరిగెత్తించక్కర్లేదు, కనపడకపోయినా నీ డబ్బు నీకు ఇచ్చేస్తాం. ఆయన మొహం చూడాలి మీరు! ఒక్క నిమిషం నావైపు అలాగే చూశాడు. తరవాత కాలవ వైపు తీసుకెళ్ళి, ఇంకా చాలా దూరం ఉండగానే ఇంజను ఆపేశాడు. గెడ తీసుకుని మెల్లగా తోశాడు కాసేపు. తరవాత అదీ ఆపేశాడు. ‘ఇక ఊరుకోండి’ అన్నాడు.

ఇరవై నిమిషాలు. నీళ్ళు పడవ పక్కకి తగిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. మా ఆడపడుచు ఫోను తీసి, మళ్ళీ పెట్టేసింది. అప్పుడు వినిపించింది, వదినగారూ. చూడ్డం కంటే ముందు వినిపించింది. నిద్రలో మనిషి దీర్ఘంగా ఊపిరి వదిలితే ఎలా ఉంటుంది, హ్ఫూ... అని, అలా. మా వెనకాల. తిరిగేలోపు ముందు పక్క ఇంకొకటి. మూడు ఉన్నాయి, వాటిలో ఒకటి చిన్నది, తల్లి పక్కకు అంటుకుని. తల్లి పైకి వచ్చినప్పుడల్లా పిల్ల అరక్షణం ఆలస్యంగా వచ్చేది. అది కడుపులో 14 నెలలు ఉంటుందట, ఒక్కసారికి ఒక్కటే పుడుతుంది. కొంచెం దూరంలో ఒకటి తల పైకి పెట్టి నోట్లోంచి నీళ్ళు పిచికారీ కొట్టింది. ఆట అనుకున్నాను. కాదు, చేపల్ని భయపెట్టి ఒక పక్కకి తోలడానికి అలా చేస్తుందని తాత చెప్పాడు. అవి తోలిన చేపలు తమ వలల్లోకీ వస్తాయని జాలర్ల నమ్మకం, అందుకే వాళ్ళు దాన్ని చంపరు. బర్మాలో అయితే జాలరి పడవ మీద కర్రతో తడితే ఈ డాల్ఫిన్లు వచ్చి చేపల్ని గుంపుగా తోలుకొస్తాయి, ఆయన విసురువల వేస్తాడు. ఇద్దరికీ కడుపు నిండుతుంది. తరతరాల నుంచీ అలా నడుస్తోంది ఆ నదిలో.

మూడింట్లో పెద్దదానికి వీపు రెక్క సగం లేదు. ఎవరో కత్తెరతో కోసినట్టుంది. ‘ఫ్యాను దెబ్బమ్మా’ అన్నాడు తాత. పడవ వెనకాల నీళ్ళలో తిరుగుతుందే, ఆ రెక్క తగిలితే అంతే. అన్నీ దెబ్బతో బయటపడవు.

చిల్కా మొత్తంలో ఇవి ఎన్ని ఉన్నాయనుకుంటున్నారు? ఏటా లెక్కపెడతారు. సుమారు 150. అంతే. మన వీధిలో ఓటర్ల జాబితా తీస్తే అంతకంటే ఎక్కువమందిమి ఉంటాం. ఇలా సరస్సుల్లో బతికే ఈ జాతి గుంపుల్లో ఇదే పెద్దది, మళ్ళీ. థాయిలాండులో సోంగ్‌ఖ్లా సరస్సులో అయితే చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. మెకాంగ్ నదిలో లావోస్ వైపు ఉన్న ఆఖరిది 2022లో చచ్చిపోయింది. ఈ జాతి మొత్తాన్నీ అంతరించే ప్రమాదం ఉన్న జాబితాలో వేశారు 2017లో. మన చట్టంలోనూ పులికి ఎంత రక్షణో దీనికీ అంతే, మొదటి షెడ్యూల్లో ఉంది. మీ చిన్నోడు బళ్ళో చదువుకుని ఉంటాడు, మన జాతీయ జలచరం డాల్ఫిన్ అని. అది గంగానదిది, దాని మూతి చాలా పొడుగు. ఇది వేరు. వాణ్ణి అడగండి, తేడా చెప్పగలడేమో.

పడవ వాళ్ళని తిడుతున్నాననుకోకండి. వాళ్ళలో ఎంతోమంది వలలు వేసుకుని బతికినవాళ్ళే. నేను బాలుగావ్‌లో ఉన్న రోజుల్లో చూశాను ఆ బాధ. సముద్రం మొగ ఇసుకతో పూడిపోయింది. ఉప్పునీరు లోపలికి రాదు, నదులు తెచ్చిన ఒండ్రు బయటికి పోదు. సరస్సు నీరు చప్పబడిపోయి, గుర్రపుడెక్కా నాచూ కమ్ముకున్నాయి. రేవులో బుట్టలు ఏడాదికేడాది తగ్గుతుంటే మా నాన్నగారు పార్సిల్ ఆఫీసు లెక్కలు చూసి ‘ఈ ఊరు ఏమైపోతుందో’ అనేవారు. దానికి తోడు పెద్ద డబ్బున్నవాళ్ళు నీళ్ళకు గట్లు కట్టి రొయ్యలు పెంచడం మొదలెట్టారు. ఒడియాలో ఘేరీలంటారు. జాలరికి వల వేసే చోటే లేకుండా పోయింది. 1996లో సుప్రీంకోర్టు చిల్కాకూ మన పులికాట్‌కూ కిలోమీటరు లోపు రొయ్యల చెరువులు కూడదని తీర్పు ఇచ్చింది. 1981లోనే చిల్కాను అంతర్జాతీయ రామ్‌సర్ చిత్తడి నేలల్లో చేర్చారు, మన దేశం నుంచి మొదటి వాటిలో అదొకటి. 1993కి వచ్చేసరికి ‘పాడైపోతున్నవి’ అనే జాబితాలోకి దించారు.

తరవాత బాగుచేశారండీ. అది చెప్పకపోతే అన్యాయం. 2000 సెప్టెంబరు 23న సాతపడా దగ్గర సముద్రానికి కొత్త మొగ తవ్వారు. ఉప్పునీరు మళ్ళీ వచ్చింది. గుర్రపుడెక్క చచ్చింది. చేపా రొయ్యా పీతా తిరిగొచ్చాయి. 2002లో ఆ పాడైపోయే జాబితాలోంచి పేరు తీసేశారు, అంతే కాదు, అదే ఏడాది రామ్‌సర్ అవార్డు కూడా ఇచ్చారు. ఆసియాలో ఆ జాబితాలోంచి బయటపడ్డ మొదటి చోటు అది. ఒక సరస్సును చావు దగ్గర నుంచి వెనక్కి తెచ్చారంటే మనుషులు అనుకుంటే ఏదైనా చేస్తారు. మళ్ళీ 2019లో ఫణి తుఫాను కొట్టినప్పుడు ఆ ఇసుకదిబ్బ ఇంకొన్ని చోట్ల తెగి కొత్త మొగలు పడ్డాయి. సముద్రం ఎప్పుడు ఏ తలుపు తీస్తుందో, ఏది మూస్తుందో.

నేనిందాక చెప్పిన ఆ జాలర్లే పడవకు రంగులేసి, కుర్చీలు వేసి, యాత్రికుల్ని తిప్పడం మొదలెట్టారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాళ్ళకు సంపాదన. ఆ నాలుగు నెలల డబ్బు మీదే మిగతా ఏడాది ఇల్లు గడవాలి. యాత్రికుడు ‘డాల్ఫిన్ కనపడలేదు, సగం డబ్బులే ఇస్తాను’ అంటే పాపం ఏం చేస్తాడు? పరిగెత్తిస్తాడు. ఆ మే నెలలో మా పడవవాడు పరిగెత్తించింది మా మాట వల్లే. ‘ఏదీ, ఎక్కడా, ఇంకా చూపించవేం’ అని మేమే ప్రాణం తీశాం. అందుకే మీకు ఇంత చెప్తున్నాను వదినగారూ. అన్నయ్యగారు పడవెక్కగానే ఆ రెండు మాటలు అనాలి: వెంటపడొద్దు, కనపడకపోయినా పూర్తి డబ్బు. హిందీలో చెప్పినా చాలు, ‘ఇంజన్ బంద్ కర్ దో భాయీ’ అంటే ఎవరికైనా తెలుస్తుంది.

మీరు వెళ్ళేది క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ మధ్య, రద్దీ విపరీతం. చిల్కా రోజును ముందుకో వెనక్కో జరపగలిగితే జరపండి. లేదంటే పొద్దున్నే మొదటి పడవల్లో ఎక్కేయండి. పూరీలో అయిదింటికల్లా బయలుదేరాలి, దర్శనం ముందురోజే చేసుకుంటే సరి. చలి ఉంటుంది, నీళ్ళ మీద గాలి ఇంకా కోస్తుంది, మామ్మగారికి శాలువా కాదు, స్వెట్టరే వెయ్యండి. పడవలోకి దిగేటప్పుడు మెట్టుకీ పడవకీ మధ్య జానెడు సందు ఉంటుంది, అది ఊగుతుంది కూడా. ఇద్దరు పట్టుకుంటే గాని ఆవిడ మోకాళ్ళతో కష్టం. లైఫ్ జాకెట్టు అందరికీ కట్టించండి, నీళ్ళు తక్కువే కదా అనుకోకండి, కింద బురద.

టిక్కెట్టు తీసుకునే చోట బోర్డు ఉంటుంది, ఎన్ని గంటలు తిప్పితే ఎక్కడెక్కడికి తీసుకెళ్తారో. పొడుగుది తీసుకుంటే రాజహంస అనే ఇసుకతిన్నె దాకా వెళ్తారు, ఒక పక్క సరస్సు, అది దాటి నాలుగడుగులు వేస్తే ఇంకో పక్క బంగాళాఖాతం. ఎర్రపీతలుంటాయి, మనం అడుగు వెయ్యగానే బొరియల్లోకి మాయం. చిన్నోడికి అదే ఎక్కువ నచ్చుతుందేమో కూడా. అక్కడ కొంతమంది ఆలుచిప్పలు పగలగొట్టి ఇదిగో ముత్యం, ఇదిగో పగడం అని అమ్ముతారు. కొనకండి. మా ఆడపడుచు ఒకటి కొంది, ఇంటికొచ్చాక గోరుతో గీరితే రంగు పోయింది.

పక్షులా? ఈ రోజుల్లో చిల్కా నిండా అవే. సైబీరియా నుంచి, మంగోలియా నుంచి లక్షల్లో వస్తాయి. నలబణ అని లోపల ఒక దీవి ఉంది, వానాకాలంలో మునిగిపోయి చలికాలంలో తేలుతుంది. 1987 నుంచి అభయారణ్యం, కాలు పెట్టనివ్వరు, దూరం నుంచే చూడాలి. కానీ అది మీకు ఒక్క రోజులో కలవదు, పక్షులకు రంభ, బాలుగావ్ వైపు మేలు. కాళీజాయి గుడి కూడా అటే. ఆ గుడి గురించి మామ్మగారికి నేనే వచ్చి చెప్తాను రాత్రికి, ఆవిడకు కథలంటే ఇష్టం. జాయి అనే కొత్త పెళ్ళికూతుర్ని తండ్రి పడవలో దీవిలో ఉన్న అత్తవారింటికి తీసుకెళ్తుంటే తుఫాను వచ్చి పడవ తిరగబడింది. అందరూ ఒడ్డుకు చేరారు, ఆ పిల్ల మాత్రం దొరకలేదు. అప్పటి నుంచీ ఆమెనే అమ్మవారిగా కొలుస్తారు, ఆమెకు దణ్ణం పెట్టకుండా పడవవాడు నీళ్ళలోకి దిగడు. సంక్రాంతికి పెద్ద జాతర. మేం బాలుగావ్‌లో ఉన్నప్పుడు మా అమ్మ భోగి నాడు పొంగలి వండి, మర్నాడు నన్ను ఆ జాతరకు తీసుకెళ్ళేది. పడవలో అందరూ ఒడియాలో పాడుతుంటే మా అమ్మ ఒక్కర్తే తెలుగులో ఏదో గొణుక్కునేది. ఏం మొక్కుకున్నావని అడిగితే, ఆ పిల్ల పుట్టింటివాళ్ళ తరఫున దణ్ణం పెట్టాను అంది ఒకసారి.

ఇంకో మాట. చిప్స్ ప్యాకెట్టు, నీళ్ళసీసా ఏదీ నీళ్ళలో పడనివ్వకండి. డాల్ఫిన్‌కి బిస్కెట్లు విసరాలని కూడా చూస్తారు కొందరు. అది తినదు.

తిండి? సాతపడాలో హోటళ్ళ దగ్గర పీతలూ రొయ్యలూ ముందు పెట్టి, ఏది కావాలో చూపిస్తే అప్పుడు వండుతారు. అందుకని పడవ ఎక్కే ముందే చెప్పి వెళ్ళండి, దిగేసరికి తయారుగా ఉంటుంది. ఆవనూనెతో చేస్తారు, మీకు ఆ వాసన పడకపోతే ముందే చెప్పాలి. మామ్మగారికి అన్నం, పప్పు, వేపుడు దొరుకుతాయి. చిల్కా పీత తిన్నాక ఇక్కడి పీత మీకు రుచించదు, ఆ విషయంలో నేనేం చెయ్యలేను.

ఉండండి, వెళ్ళిపోకండి, మీకు ఇవ్వాల్సింది ఒకటుంది. మా ఆయన బైనాక్యులర్. దూరం నుంచి చూడ్డానికి ఇది ఉంటే పడవను దగ్గరికి తీసుకెళ్ళమని అడగాలనే అనిపించదు. బరువుంటుంది, తాడు మెళ్ళో వేసుకోవాలి, చిన్నోడికైతే మీరు పట్టుకుని చూపించండి. ఎడమ కంటి వైపు అద్దం కొంచెం పాతబడింది, ఈ మర ఉంది చూశారూ, దీన్ని అరచుట్టు తిప్పితేగాని బొమ్మ కుదరదు. అలా కాదు, ఇటు... యారాడ కొండ మీద లైట్‌హౌస్ వైపు పెట్టి చూడండి. కనపడిందా? ఇప్పుడు అలాగే కిందికి, రేవు మొగ వైపుకి దించండి.